ఎంగిలి బెంజీన్

లోకంలో అసహ్యించుకోదగ్గ వస్తువులు ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చే బాధ్యత ఎవరో ఒకరి నెత్తిన పడాలి. అది ఛీఛీ మేడం నెత్తిన పడింది. ఆమెకు వేరే పేరు లేకపోలేదు. జీతం కాగితం మీద అది ఇప్పటికీ అచ్చవుతోంది. కానీ కాలేజీలో ఆ పేరు పలికే నోరు లేదు. ప్రతి మాటకూ ముందు "ఛీ" అనడం ఆమెకు అలవాటు. మాట మరీ ముఖ్యమైనదైతే రెండుసార్లు అనేది. "ఛీ, కూర్చోండి" అంటే మామూలు రోజన్నమాట. "ఛీ ఛీ, పుస్తకాలు తియ్యండి" అంటే పరీక్షలు ముంచుకొచ్చాయని పిల్లలు గ్రహించేవారు.

తలుపు పిడిని ఆమె మోచేత్తో తోసేది. బస్సులో కడ్డీని రుమాలుతో పట్టుకునేది. దిగాక ఆ రుమాలును ఒక కవరులో, ఆ కవరును మరో కవరులో పెట్టేది. స్టాఫ్‌రూంలో ఎవరికైనా పెన్ను ఇస్తే తిరిగి తీసుకునేది కాదు. "పరవాలేదు, ఉంచుకోండి" అంటున్నప్పుడు ఆమె చూపంతా ఆ పెన్ను మూత మీది పళ్లగాట్ల మీద ఉండేది. ఆమె పుణ్యమా అని అక్కడ సగం మంది పెన్నులు కొనడం మానేశారు.

ఇంత మురికి లోకంలో ఆమెకు శుభ్రంగా కనిపించే చోటు ఒక్కటే. అది నల్లబోర్డు. సుద్దముక్కల పెట్టె ఆమెది, డస్టరు ఆమెది. సుద్దపొడి తల మీద పడ్డా, ముక్కులోకి పోయినా ఆమెకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. అది మురికి ఎందుకు కాదో ఆమె చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. స్కేలు ముట్టకుండా, సుద్దముక్క పైకెత్తకుండా బోర్డు మీద ఆరు గీతలు గీసేది. ఆరో గీత వెళ్లి మొదటి గీతను కలుసుకునే వేళకు వెనక బెంచీలో కబుర్లు కూడా ఆగేవి. అదే బెంజీన్. "ఆర్గానిక్ కెమిస్ట్రీ అంతా ఈ ఆరు మూలల ఇంట్లోనే కాపురం ఉంటుంది" అనేది. "కర్బనానికి నాలుగే చేతులు. అయిదో చెయ్యి తగిలించినవాళ్లకు మార్కులు తగలవు" అని కూడా అనేది. చివరి ఏడాది పిల్లలకు చెప్పే ఆ ఒక్క క్లాసు కోసమే ఆమె రోజూ అంత బస్సును, అంత జనాన్ని, అన్ని తలుపు పిడులను సహిస్తోందని చెప్పినా అబద్ధం కాదు.

ఆ బోర్డుకే ఎసరు వచ్చింది.

ప్రిన్సిపాల్ లెక్కల మనిషి. కెమిస్ట్రీ అంటే కంపు కొట్టే లెక్కలని ఆయన అభిప్రాయం. ఒకరోజు మేడంను, కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్‌ను తన గదికి పిలిచి శుభవార్త చెప్పే ముఖం పెట్టాడు.

"బోర్డులు తీసేస్తున్నాం మేడం. ఇక గోడంతా తెరే. కంప్యూటర్లో అణువును గీస్తే అది గిరగిరా తిరుగుతుందట."

"ఛీ, ఎందుకు తిరగడం?"

"పిల్లలకు నచ్చుతుందండీ."

"పిల్లలకు గోళ్లు కొరుక్కోవడం కూడా నచ్చుతుంది సార్."

కుర్ర లెక్చరర్ నోట్లోంచి వేలు తీసి వెనక్కి పెట్టుకున్నాడు.

ప్రిన్సిపాల్ మాట మార్చాడు. సోమవారం బయటినుంచి ఒక ప్రొఫెసర్ వస్తాడు. ఆయన ఎదుట ఇద్దరూ ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక అణువును గీసి, తిప్పి చూపించి, పాఠం చెప్పాలి. నెగ్గినవారికి ఆర్గానిక్ క్లాసు. రెండోవారికి కొత్తగా మొదలుపెట్టే పేపరు.

"కొత్త పేపరేంటి సార్?"

"మురుగునీటి శుద్ధి. చాలా భవిష్యత్తు ఉన్న సబ్జెక్టు. వారం వారం పిల్లల్ని మురుగు కేంద్రానికి తీసుకెళ్లి, తొట్ల పక్కన నిలబెట్టి చెప్పాలి."

మేడం ఆ గదిలోంచి ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. తలుపు పిడిని వట్టిచేత్తో పట్టుకుని తీసిందని తర్వాత కుర్ర లెక్చరర్ స్టాఫ్‌రూంలో చెబితే ఎవరూ నమ్మలేదు.

ఇంట్లో ఆమె భర్త అంతా విని, పేపరు మడిచి, ఎప్పటినుంచో అదను కోసం చూస్తున్నవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"దానికింత బాధెందుకే? పైవాటాలో మా తమ్ముడి భార్య రోజంతా చేసేది అదే కదా. మందుల కంపెనీలో ఆ బొమ్మలు గీయడమే ఆవిడ ఉద్యోగం. ఒక్క మాట అడిగితే..."

"ఛీ ఛీ, ఆవిడనా?"

"గరిటె సంగతి ఇంకా మరిచిపోలేదా నువ్వు?"

మరిచిపోయేది కాదు ఆ సంగతి. ఏళ్ల కిందట, రెండు కుటుంబాలూ కలిసి భోంచేస్తున్న రోజున, తోడికోడలు పొయ్యి మీది కూరలోంచి గరిటె తీసింది. దాన్ని ఊదింది. గరిటె అంచుకే నోరు పెట్టి జుర్రింది. "ఉప్పు సరిపోయింది" అని ప్రకటించింది. తర్వాత ఆ గరిటెను, ఆ నోరు తగిలిన గరిటెనే, మళ్లీ కూరలో ముంచింది. మేడం ఆ రోజు వట్టి అన్నం తిని లేచింది. మర్నాటినుంచి పై వాటాకు, కింది వాటాకు మధ్య మాటలన్నీ భర్తల ద్వారా ప్రయాణం చేస్తున్నాయి. కొన్ని దారిలోనే తప్పిపోయేవి. అందుకే ఆ ఇంట్లో ప్రశాంతత ఉండేది.

కానీ ఒక పక్క గరిటె, ఇంకో పక్క ఊరందరి మురుగు. తూచి చూస్తే గరిటే తేలిక. మర్నాటి సాయంత్రం మేడం మెట్లెక్కింది, పిట్టగోడను ముట్టుకోకుండా.

"రా అక్కా రా! దారి తప్పి వచ్చావా ఏంటి?" అంది తోడికోడలు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. నోట్లో బిస్కెట్ ఉంది. "అంతా బావగారు చెప్పారులే. కూర్చో. ఇదిగో మౌసు."

ఆ మౌసును ఇచ్చేముందు ఆమె మర్యాద కోసం తన నడుముకేసి ఒకసారి రుద్దింది. మేడం దానికేసి చూసింది. కీబోర్డు సందుల్లో బిస్కెట్ పొడి, ఒక వెంట్రుక, పోల్చుకోలేని మరో పదార్థం ఉన్నాయి. ఒక విశ్లేషణ పరీక్షకు సరిపడా నమూనా అది. మేడం రుమాలు తీసి మౌసుకు ముసుగు వేసింది.

"పెళ్లికూతురిలా ఉంది" అంది తోడికోడలు.

తెర మీద తెల్లకాగితం లాంటి జాగా, ఎడమవైపు చిన్న చిన్న బొమ్మల వరస కనిపించాయి. తోడికోడలు వేలిని నాలుకకు అద్దుకుని, ఎదురుగా ఉన్న పుస్తకంలో పేజీ తిప్పి, అదే వేలితో తెర మీద చూపించింది. తెర మీద తడి మచ్చ పడింది. తర్వాత పాఠమంతా ఆ మచ్చ వెనకనుంచే సాగింది.

"ఇవి టెంప్లేట్లక్కా. ముందే గీసి పెట్టిన బొమ్మలు. ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు. చూశావా? బెంజీన్ వచ్చేసింది."

"ఇది ఎవరు గీశారు?"

"ఎవరో గీశారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు."

"నువ్వూ ఇదే వాడతావా?"

"నేనేంటి, లోకమంతా ఇదే వాడుతుంది."

"ఛీ. అయితే ఇది ఎంగిలిది."

తోడికోడలు బిస్కెట్ నమలడం ఆపింది. "బెంజీన్ ఎంగిలేంటక్కా! దాన్నెవరు నాకారు?"

"ఇంతమంది వాడి వదిలేసింది నా పిల్లలకు వడ్డించనా? నాది నేనే గీసుకుంటాను."

గీసుకుంది. ఒక్కో గీత ఒక బంధం. ఒకసారి నొక్కితే ఒక గీత, దాని మీదే మళ్లీ నొక్కితే జంట గీత. ఇంకోసారి పొరపాటున నొక్కితే మూడు. ఒక మూల కర్బనానికి తెలియకుండానే అయిదో చెయ్యి తగిలింది. వెంటనే దాని చుట్టూ ఎర్రటి మచ్చ వచ్చింది. ఇంతకాలం ఎర్రసిరా వాడింది ఆమె. ఆమె మీద ఎర్రసిరా వాడిన మొదటి ప్రాణి ఈ యంత్రమే. మేడం ముఖం కూడా ఆ రంగుకే తిరిగింది.

పోనీ అని "శుభ్రం చెయ్యి" అనే అర్థం వచ్చే మీట ఒకటి నొక్కింది. పేరు ఆమెకు నచ్చింది. నచ్చింది పేరొక్కటే. నొక్కగానే ఆమె గీసిన గీతలన్నీ ఉలిక్కిపడి, వాటికి తోచిన దిక్కుకు తిరిగి, అడ్డంగా పడుకున్నాయి. అడగకుండా ఇల్లు సర్ది అన్నీ తారుమారు చేసే చుట్టంలాంటి మీట అది. ఇక దాని జోలికి పోకూడదని ఆమె ఒట్టు పెట్టుకుంది.

ఎలాగో బెంజీన్ తయారైంది. చూడముచ్చటగానే ఉంది.

"ఇప్పుడు త్రీడీలో, అంటే మూడు వైపులనుంచీ చూద్దాం" అని తోడికోడలు ఇంకో మీట నొక్కింది.

ఆ ఆరు మూలల ఉంగరం విచ్చుకుంది. విచ్చుకుని, మెలికలు తిరిగి, ఇరుపక్కలా తెల్లటి కాళ్లు చాపి, చచ్చిన జెర్రిలా తెర మీద వెల్లకిలా పడింది. మేడం కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"ఛీ ఛీ! ఏంటది?"

"నీ బెంజీనే." తోడికోడలు కింద కనిపిస్తున్న లెక్క చదివింది. "ఏడు కర్బనాలు, పది హైడ్రోజన్లు. ఉండాల్సింది ఆరూ ఆరూ కదా? చివరి గీత మొదటి కర్బనాన్ని అంటుకోలేదక్కా. పక్కన ఆగిపోయింది."

"అంటుకున్నట్టే ఉందిగా!"

"కంటికి ఉంది. ఇది కన్ను కాదు. బోర్డు మీద అయితే ఆనుకున్నట్టు కనిపిస్తే చాలు. దీనికి నిజంగా అంటుకోవాలి."

మళ్లీ గీసింది. మళ్లీ జెర్రి. మర్నాడూ గీసింది, ఆ మర్నాడూ గీసింది. పై వాటాలో జెర్రుల సంతతి వృద్ధి చెందింది. ప్రతిసారీ ఆరో గీత మొదటి కర్బనానికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయేది. మేడం కావాలని ఆపేది కాదు. గ్లాసు పెదవికి తగలకుండా నీళ్లు తాగే చెయ్యి అది, పక్కవాడి భుజం తగలకుండా బస్సులో నిలబడే ఒళ్లు అది. అంటుకోబోయే క్షణాన ఆగడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఒక సాయంత్రం తోడికోడలి ఓపిక తెగింది.

"అంటించక్కా! వేలు కాలుతుందా? అంటుకోకుండా బంధం ఎట్లా అవుతుంది? చదువు చెప్పే మనిషివి, నీకు నేను చెప్పాలా?"

"అంటు అనేదే నాకు పడదు."

"నాకు తెలియదా? నేను ముట్టుకున్నదేదీ నువ్వు ముట్టవు. ఒక్క గరిటెకు ఇన్నేళ్లు మాట్లాడకపోతివి. నా సంగతి సరే. పాపం ఆ కర్బనమేం చేసింది నీకు?"

అని, వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేశాయి.

మేడం ఒంటరిగా కూర్చుంది. కిందికి వెళ్లిపోదామనుకుంది. ఇంతలో మురుగు తొట్లు, వాటి అంచున పుస్తకం పట్టుకుని నిలబడిన తన ఆకారం కళ్లముందు కదిలాయి. మౌసు మళ్లీ పట్టుకుంది. ఈసారి గీతను ఇంకొంచెం లాగింది, ఒళ్లు జలదరించినా ఆపలేదు. బాణం గుర్తు కర్బనం మీదికి వెళ్లగానే అక్కడ ఒక నీలిచుక్క వెలిగింది. ఇన్నాళ్లూ ఆ చుక్క దాకా ఆమె ఎప్పుడూ రాలేదు. వేలు వదిలింది.

ఆరు కర్బనాలు, ఆరు హైడ్రోజన్లు.

మూడు వైపుల మీట నొక్కింది. ఉంగరం ఉంగరంలాగే నిలిచింది. నెమ్మదిగా తిప్పింది. అది సన్నబడి, ఇంకా సన్నబడి, చివరికి ఒట్టి గీతగా మారింది. బెంజీన్ బిళ్లలా చదునుగా ఉంటుందని ఆమె వేలమందికి చెప్పింది. పక్కనుంచి మాత్రం ఎప్పుడూ చూడలేదు. నల్లబోర్డుకు పక్క అనేది లేదు.

"ఛీ" అంది మెల్లిగా. ఎవరిని అన్నదో చెప్పడం కష్టం.

తోడికోడలు చేతులు ఒంటికి తుడుచుకుంటూ వచ్చి తెర చూసింది. "అంటింది!" అని అరిచింది. "ఉండు ఉండు, చెరపకు. కుడివైపు గీత కాస్త పొడుగైంది, శుభ్రం మీట నొక్కనా?"

"ఆ మీట ముట్టుకున్నావంటే ఊరుకోను."

"సరే తల్లీ. దీన్నే నీ టెంప్లేట్‌గా దాచుకో. ఎప్పుడు కావాలన్నా ఇదే వస్తుంది."

"నేను గీసిందేనా? ఇంకొకరిది కలవదుగా?"

"నీదే."

మేడం ఆలోచించింది. తన కంచంలోది తనకు ఎంగిలి కాదు. శాస్త్రం ఒప్పుకుంటోంది. ఆ టెంప్లేట్‌కు "నాది" అని పేరు పెట్టి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, ఆ పెన్‌డ్రైవ్‌ను కొత్త సబ్బుపెట్టెలో పెట్టి మూసింది.

సోమవారం వచ్చింది. ప్రొఫెసర్ కూడా వచ్చాడు. పెద్దమనిషి, పేరున్నవాడు. కుర్చీలో కూర్చోగానే కారు తాళంచెవి తీసి కుడిచెవిలో పెట్టి తిప్పుకోసాగాడు. దానికి తాళంచెవి అనే పేరు ఎందుకొచ్చిందో మేడంకు ఆ రోజు అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేదనిపించింది.

గీయాల్సిన అణువు ట్రైఫినైల్‌మీథేన్. నడుమ ఒక కర్బనం. దాని నాలుగు చేతుల్లో మూడింటికి మూడు బెంజీన్ ఉంగరాలు, నాలుగో చేతికి ఒక హైడ్రోజన్.

కుర్ర లెక్చరర్ ముందు కూర్చున్నాడు. కూర్చుంటూనే కుడి అరచేతిలోకి గట్టిగా తుమ్మాడు. "సారీ సార్" అన్నాడు. అదే అరచేత్తో మౌసు పట్టుకున్నాడు. టకటకా టెంప్లేట్లు లాగి, అతికించి, రెప్పపాటులో అణువును తిప్పి చూపించాడు. మూడు ఉంగరాలు ఫ్యాను రెక్కల్లా ఏటవాలుగా తిరిగాయి.

"బాగుంది. ఆ మూడూ ఒకే బల్ల మీద పరిచినట్టు లేవే? ఎందుకు ఒరిగాయి?" అన్నాడు ప్రొఫెసర్, చెవిలో తాళం తిప్పుతూ.

"సాఫ్ట్‌వేర్ అలా చూపిస్తోంది సార్."

తాళం ఆగింది, మళ్లీ తిరిగింది. మేడం వంతు వచ్చింది.

ఆమె పెన్‌డ్రైవ్ పెట్టి, మౌసు మీద రుమాలు కప్పింది. రుమాలు అంచు జారి మౌసు కిందికి వెళ్లింది. తెర మీద బాణం గుర్తు పిచ్చిపట్టినట్టు గెంతింది. సర్దింది. మళ్లీ గెంతింది.

"మేడం, ఆ రుమాలు తీసేస్తే..." అన్నాడు ప్రిన్సిపాల్.

ఆమె మౌసును చూసింది. దాని వీపు మీద తడి ఇంకా మెరుస్తోంది. ఆర్గానిక్ క్లాసుకూ ఆమెకూ మధ్య ఇప్పుడున్నదల్లా పరాయివాడి తుమ్ము. మేడం కళ్లు మూసుకుంది. రుమాలు తీసింది. చెయ్యి వేసింది. ఆ స్పర్శ ఎలా ఉందో ఆమె జీవితంలో ఎవరికీ చెప్పలేదు. అడిగినవారికి మాత్రం మరునాటిదాకా భోజనం సహించనంతగా ముఖం పెట్టేది.

కర్బనం పెట్టింది. "నాది" తీసింది, నీలిచుక్క వెలిగేదాకా తెచ్చి అంటించింది. మరొకటి. ఇంకొకటి. తిప్పింది. ఏదీ ఊడలేదు.

"మీరు చెప్పండి మేడం" అన్నాడు ప్రొఫెసర్. "ఎందుకు ఒరిగాయి?"

"ఛీ, ఇందులో చెప్పేదేముంది సార్? కిక్కిరిసిన బస్సులో ముగ్గురు ఒకే కడ్డీ పట్టుకుని నిలబడ్డారనుకోండి. నిటారుగా ఎదురెదురుగా నిలబడితే ఒకరి మోచెయ్యి ఇంకొకరి పొట్టలో ఉంటుంది. ఒకడి చెమట ఇంకొకడికి. అందుకని ఎవరి ఒళ్లు వాళ్లు కాస్త పక్కకు తిప్పుకుంటారు. ఈ ఉంగరాల అంచుల్లో హైడ్రోజన్లు ఉన్నాయి చూడండి, అవే మోచేతులు. ఒకదానికొకటి తగలకుండా ఉండాలంటే ఒరగాలి. అణువుకు కూడా అసహ్యం ఉంటుంది సార్."

తాళంచెవి చెవిలోనే ఆగిపోయింది.

"అంత ఇబ్బందైతే వదిలేసి పోవచ్చుగా?"

"ఎక్కడికి పోతాయి? ఉన్నది ఒక్కటే కడ్డీ. దాన్ని గట్టిగా అంటుకునే ఉండాలి, పక్కవాడికి అంటకుండానూ ఉండాలి. బతుకే అంత."

ప్రొఫెసర్ తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. ఆర్గానిక్ క్లాసు ఎవరిదో ఆ కదలికతోనే తేలిపోయింది. అభినందించడానికి ఆయన చెయ్యి చాచేలోగా మేడం కొళాయి దగ్గరికి చేరుకుంది. ఆ సబ్బు మర్నాటికి మిగల్లేదని నౌకరు ఫిర్యాదు.

కొత్త ఏడాది మొదలైంది. మేడం సొంత మౌసు కొనుక్కుని, దాన్నీ సబ్బుపెట్టెలోనే మోసుకుంటూ క్లాసులు చెప్పింది. లేని బోర్డును తలుచుకుని తెరను తిట్టింది. తిడుతూనే అణువుల్ని తిప్పింది.

ఒకరోజు పక్క క్లాసులోంచి నవ్వులు వినిపించాయి. మురుగునీటి క్లాసు అది. గుమ్మంలోంచి తొంగి చూసింది. గోడంత తెర మీద ఒక బెంజీన్ ఉంగరం, దాని పక్కన వేరే అయిదు మూలల ఉంగరం తేలుతున్నాయి. కుర్ర లెక్చరర్ చెమటలు కక్కుతూ తిప్పుతున్నాడు. రెండూ చెరో దిక్కుకు పోతున్నాయి.

ఆ బెంజీన్‌కు కుడివైపు గీత కాస్త పొడుగు.

"ఛీ ఛీ, ఇది నీకెక్కడిది?"

"మీదే కదా మేడం!" అన్నాడు అతను, మెచ్చుకోలుగా. "ఆ రోజు కంప్యూటర్‌లో ఉండిపోయింది. అందరం 'నాది'యే వాడుతున్నాం. చెయ్యి తిరిగిన బెంజీన్ మేడం, పిల్లలకు కూడా పంచాను."

మేడం గుమ్మాన్ని వట్టిచేత్తో పట్టుకుంది. "ఇంతకీ ఏం గీస్తున్నావు?"

"స్కటోల్ మేడం. మలానికి ఆ వాసన ఇచ్చేది ఇదే. ఎంత పెట్టినా నిలవడం లేదు."

నలకలేని ఆమె షడ్భుజి, అన్ని జెర్రులను దాటి, ఒట్టిచేత్తో ఇంకొకరి తుమ్మును భరించి సంపాదించిన ఆ షడ్భుజి, చివరికి చేరుకున్న చోటు అది. చెరిపేయమని అరవబోయింది. కానీ తెర మీద ఆ రెండు ఉంగరాల మధ్య వెంట్రుకవాసి ఖాళీ కనిపిస్తోంది. పిల్లలు నవ్వుతున్నారు. తన ఉంగరాన్ని చూసి నవ్వుతున్నారు.

"అంటుకోలేదు. చుక్క వెలిగాక వదులు."

"మీరే అంటించండి మేడం" అని అతను తడి మౌసును ఇటు జరిపాడు.

రెండు వేళ్లతో పట్టుకుని, మేడం తన బెంజీన్‌ను తన చేత్తోనే ఆ కంపుకు అంటించింది. చుక్క వెలిగింది. తిప్పింది. ఊడలేదు. క్లాసు నిశ్శబ్దమైంది. ఆమె కొళాయి వైపు నడిచింది.

ఆ సాయంత్రం మెట్లెక్కి అంతా చెప్పింది. తోడికోడలు పొట్ట పట్టుకుని నవ్వింది.

"అంటే కాలేజీ అంతా నీ ఎంగిలి తింటోందన్నమాట అక్కా!"

నోట్లో బిస్కెట్ ఉందన్న సంగతి ఆవిడ మరిచిపోయింది. అందులోంచి ఒక తడి ముక్క ఎగిరొచ్చి మేడం మణికట్టు మీద పడింది. ఇద్దరూ దానికేసి చూశారు. తోడికోడలి నవ్వు ఆగిపోయింది.

"ఛీ" అంది మేడం. ఒక్కసారే అంది.